చర్చి అరుగు మీద కొరమేనులు

దీనమ్మ గారి కార్డు నాకు 2008 జనవరి మూడో వారంలో అందింది. నెలాఖరు ఆదివారం వాళ్ళ ఊరి చర్చిలో కోత పండుగ అనీ, ఆ రోజు వాక్యం నన్నే చెప్పమని సంఘం అడుగుతోందనీ, తప్పకుండా రమ్మనీ రాశారు. చోటు చాలక అంచు వెంబడి నిలువుగా ఇంకో రెండు ముక్కలు ఇరికించారు. వాళ్ళాయన కొల్లేరు సరస్సులో పెట్టిన మావుల్లో, అంటే పుల్లలతో అల్లిన చేపల బుట్టల్లో, మొదటిసారి చేపలు పడ్డాయట. వాటిని దేవుడి బల్ల ముందు పెడతానని మొక్కుకున్నారట. ఆ సమయానికి నేను పక్కనుంటే బాగుంటుందట. దాని కిందే, "వచ్చేటప్పుడు కైకలూరులో ఒక వరికంకుల కట్ట కొనుక్కు రండి" అని ఉంది. చేపలు పెట్టే మనిషికి వరికంకులెందుకో నాకు బోధపడలేదు. అయినా వెళ్ళాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

నేను తాడేపల్లిగూడెంలో ఉంటాను. టీచరుగా రిటైరై మూడేళ్ళయింది. పదకొండేళ్ళ కిందట నన్ను కొల్లేటి లంకల్లో ఒక చిన్న ఊరి స్కూలుకి వేశారు. రోజూ వచ్చి వెళ్ళే దారి లేక ఆ విద్యా సంవత్సరం పది నెలలూ దీనమ్మ గారింట్లోనే ఉన్నాను. ఆవిడ భర్త అప్పట్లో ఎవరో పెద్దమనిషి చేపల చెరువుకి కాపలా ఉండేవాడు. రెండేళ్ళ కిందట వేసవిలో ప్రభుత్వం సరస్సులో చెరువుల గట్లు కొట్టించినప్పుడు ఆ పెద్దమనిషి తన పెట్టుబడి గురించి వారం రోజులు ఏడ్చి, తర్వాత ఇంకో వ్యాపారంలోకి వెళ్ళిపోయాడు. కాపలావాడికి వెళ్ళడానికి ఇంకో వ్యాపారం లేదు. గట్లు పోయినందుకు సరస్సుకి మంచే జరిగిందని చదువుకున్నవాళ్ళం అందరం అన్నాం, నేనూ అన్నాను. ఆ ఏడాది వాళ్ళింట్లో పొయ్యి ఎన్ని పూటలు వెలిగిందో మాత్రం మాలో ఎవరమూ వెళ్ళి చూడలేదు.

మా సంఘాల పద్ధతులు తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. పంట ఇంటికొచ్చాక, ఎవరి కష్టంలో మొదట వచ్చినదాన్ని వాళ్ళు చర్చికి తెచ్చి, బల్ల ముందు పెట్టి, దేవుడికి వందనాలు చెప్పే రోజే కోత పండుగ. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. మా గూడెంలో ఆ రోజు చర్చి గుమ్మానికి రెండు పక్కలా చెరుకుగడలు కడతారు, లోపల ధాన్యం రాశి పోస్తారు, అరటి గెలలు వేలాడదీస్తారు. ఈమధ్య ఎవరి గుమ్మడికాయ పెద్దదో పోటీ కూడా పెడుతున్నారు. దేవుడు తూకం రాయి పట్టుకుని కూర్చున్నాడనుకుంటారేమో తెలియదు. నాకు ఇలాంటివి చూస్తే కోపం ఆగదు. మా ఇంట్లోవాళ్ళు దాన్ని బీపీ అంటారు, నేను మనస్సాక్షి అంటాను.

ఆదివారం ఉదయం ఐదూ యాభైకి గూడెంలో పాసింజరెక్కాను. టికెట్టు పది రూపాయలు. ఏలూరులో దిగేసరికి ఏడు కావస్తోంది. స్టేషన్ నుంచి బస్టాండుకి రిక్షా అతను పదిహేను అడిగి పన్నెండుకి ఒప్పుకున్నాడు. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ తిని, ఏడున్నరకి కైకలూరు బస్సెక్కాను. టికెట్టు ఇరవై లోపే. వెళ్ళాలనుకునేవాళ్ళు కుడి పక్క కిటికీ చూసుకోండి, ఎండ మీద పడదు. వానాకాలంలో వరద వస్తే ఈ రోడ్డు మీదికి నీళ్ళెక్కి బస్సులు ఆపేస్తారు కనుక ఆ రోజుల్లో ముందుగా కనుక్కుని బయల్దేరండి.

ఏలూరు దాటాక కాసేపటిదాకా రెండో పంట దాళ్వా నాట్లే. మోకాలిలోతు బురదలో ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లేస్తున్నారు. ఆదివారం కూడా పనేనా అని కోప్పడే పాస్టర్లు ఈ దారిన ఒకసారి బస్సులో వెళ్ళాలి. సంచీలో నేను రాసుకున్న ప్రసంగం నాలుగు పేజీలుంది. ఏడాదిలో ఒక్కో రుతువూ మన ప్రార్థనలో ఎలా కలుస్తుందో రాశాను. నారుమళ్ళ రోజుల్లో వాన కోసం మోకరిస్తాం, కంకి పాలుపోసుకునేటప్పుడు గాలివాన ఆపమని మోకరిస్తాం, కుప్పలు నూర్చాక వందనాలు చెబుతాం, చేలు ఎండిన రోజుల్లో గుడ్ ఫ్రైడేకి ముందు శ్రమకాలపు ఉపవాసాలుంటాం. చదువుకుంటే నాకే ముచ్చటేసింది. అంతలో పొలాలు అయిపోయి బస్సు నీళ్ళ మధ్యకి వచ్చింది. రెండు పక్కలా తూడు, గుర్రపుడెక్క, దూరంగా తెల్లగా గూడబాతులు కనిపించాయి. నా నాలుగు పేజీల్లో ఈ నీళ్ళ ఊసు ఒక్క ముక్క లేదని అప్పుడు తట్టింది. మేం ఆషాఢంలో వాన కోసం ఏడ్చే ఆదివారమే, ఈ లంకల్లో వాళ్ళు గుమ్మంలోకి నీళ్ళు రాకూడదని ఏడుస్తారు. పది నెలలు ఉండి కూడా నేను దాన్ని రాయలేదు. పెన్ను తీసి పక్కన ఏదో గీకబోతే బస్సు కుదుపులకి అక్షరం నిలవలేదు.

కైకలూరులో దిగేసరికి ఎనిమిదీ ముప్పావు. ఐసు కొట్లు, చేపల మేత కొట్లు తెరిచే ఉన్నాయి. కూరగాయల బజారు చివర ఒక రైతు నిజంగానే వరికంకుల కట్టలు పెట్టుకుని కూర్చున్నాడు. కోతలైపోయి నెల దాటింది. నన్ను, చేతిలో నల్ల అట్ట పుస్తకాన్ని చూసి అతనే పలకరించాడు.

"లంక ఊళ్ళకేనాండీ? ఎన్ని కట్టలు ఇమ్మంటారు?"

"ఒకటి చాలండి. ఇప్పుడు కంకులు అమ్ముతున్నారేంటి?"

"మీ చర్చీలవాళ్ళ కోసమేనండి. కోతలప్పుడే కొన్ని విడిగా తీసి అటకెక్కిస్తాను. మీ పండగలన్నీ అయ్యేదాకా ఉంచుతాను. లేకపోతే మీ లంకల్లో వరెక్కడిదండీ?"

అతను ఎగతాళిగా అనలేదు. మంచి బేరం గురించి చెప్పినట్టే చెప్పాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇంకొకరి పొలంలో పండినదాన్ని బజార్లో కొనుక్కెళ్ళి, ఇది నా మొదటి ఫలం తండ్రీ అని బల్ల మీద పెట్టడమేంటి? ఎవరిని నమ్మించడానికి? కట్ట తీసుకుని ఆటో ఎక్కాను. ఊరిదాకా వెళ్ళడానికి అరవై రూపాయలు. ఆటో అతను అద్దంలోంచి నా ఒళ్ళోని కంకులు చూసి, "పండగా అండీ? బాగా ఆరినవి ఇచ్చాడు లెండి, గింజ రాలదు" అన్నాడు. ఇదేదో ఈ ప్రాంతమంతా తెలిసిన వ్యవహారమే, తెలియనిదాన్ని నేనే.

తొమ్మిదిన్నరకి ఊరు చేరాను. చర్చి చిన్నదే, మిషను రోజుల నాటి పెంకుల కప్పు, ముందు పొడుగాటి అరుగు. అరుగు మీద ఒక నీలం బకెట్టు, దాని మీద తడిపిన గోనెపట్టా, పక్కన ఉతికిన చీరలో దీనమ్మ గారు. నన్ను చూసి లేచి, రెండు చేతులూ పట్టుకున్నారు. మనిషి సగమయ్యారు. గోనె తీసి చూపించారు. నాలుగు కొరమేనులు, ఒక్కోటి మూరెడుంటుంది, నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"రెండు వారాల నుంచి గోలెంలో నీళ్ళు మారుస్తూ బతికించానండి" అన్నారు. "పిల్లలు ఒకటి వండమని గొడవ. మొదటివి మనవి కాదని చెప్పాను. గట్లు కొట్టేశాక మా ఆయన పాత దోనె బాగుచేసుకుని, పుల్లలు చీరి మావులు అల్లుకున్నాడండి. ఎవరి చెరువులోవీ కావివి. ఆయన చేతికి సొంతంగా పడ్డవి."

"మరి బయట పెట్టుకుని కూర్చున్నారేంటండీ? లోపల అన్నీ సర్దుతున్నారు కదా."

ఆవిడ గోనె మళ్ళీ కప్పారు. "అబ్రహాం గారు వద్దన్నారండి. చేపలు లోపలికి రాకూడదంట. ఆరాధనయ్యాక వేలంలో ఇక్కడే పాడతామన్నారు. అలా అంటారేమోననే కంకులు తెమ్మన్నాను. ఉత్త చేతులతో బల్ల దగ్గరకి వెళ్ళలేం కదండీ."

"ఇంతకు ముందు ఏళ్ళలో ఏం పెట్టేవారు?"

"కైకలూరు కంకులేనండి. ఊరంతా అంతే. కొందరు గుమ్మడికాయ కొంటారు."

అరికాలి మంట నెత్తికెక్కింది. అబ్రహాం గారు సంఘ పెద్ద. నేనున్న రోజుల్లో కూడా ఆయనే పెద్ద. చెడ్డవాడు కాదు, మాట మెత్తన, తెల్లబట్ట మీద మరక పడనివ్వడు. లోపల బల్ల మీద దుప్పటి ముడతలు సరిచేస్తున్నారు. బల్ల చుట్టూ చూశాను. వరికంకులు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, ఒక అరటి గెల. ఊరు ఊరంతా చేపల మీద బతుకుతుంది. ఆ బల్ల దగ్గర చేప పొలుసు కూడా లేదు.

"అబ్రహాం గారూ, దీనమ్మ గారి అర్పణ అరుగు మీద ఎందుకుందండీ?"

"చేపలు కదండీ" అన్నారు, అంతకంటే చెప్పేదేముంది అన్నట్టు.

"చేపలైతే?"

"నీచు కదండీ. పైగా పద్ధతి లేదండి. బల్ల దగ్గర పెట్టేవి వేరే ఉన్నాయి."

"మధ్యాహ్నం సంఘం భోజనంలో కూరేంటండీ?"

"చేపల పులుసేనండి. మీకిష్టమని పెద్ద చేప తెప్పించాం."

అప్పుడిక నేను ఆగలేదు. ప్రభువు శిష్యులుగా మొట్టమొదట పిలిచింది వలలు కడుక్కుంటున్నవాళ్ళని కాదా అన్నాను. సమాధిలోంచి తిరిగి లేచాక కూడా నిప్పుల మీద చేపలు కాల్చి తనవాళ్ళకి తన చేత్తో పెట్టాడు కదా, దేవుడు వండిన వస్తువు దేవుడి ఇంటి గుమ్మం దాటకూడదా అన్నాను. తినడానికి పనికొచ్చి, పెట్టడానికి పనికిరాకుండా పోయిందా అన్నాను. బల్ల సర్దుతున్న ఆడవాళ్ళు చేతులాపి చూస్తున్నారని తెలుస్తూనే ఉంది, అయినా గొంతు తగ్గలేదు. "ఎవరండీ ఈ పద్ధతి పెట్టింది? ఆ మనిషి ఈ ఊరు కళ్ళతో చూశాడా అసలు? ఇక్కడ ఏం దొరుకుతుందో, జనం ఏం తిని బతుకుతారో కనుక్కున్నాడా?"

అబ్రహాం గారు నొచ్చుకోలేదు. ఎంతో మర్యాదగా, ఇంకా చెప్పాలంటే కాస్త గర్వంగా, నా వెనక గోడ వైపు చూపించారు.

"మీరేనండి. మీరు రాసిచ్చిన కాగితం పాడైపోకుండా అద్దం కట్టించి పెట్టామండి."

తిరిగి చూశాను. కిటికీ పక్కన, చెక్క చట్రంలో, అద్దం వెనక, వెలిసిపోయిన నీలం సిరాతో నా దస్తూరి. 'కోత పండుగకు తీసుకురావలసిన అర్పణలు. వరికంకులు, ధాన్యం, కొబ్బరికాయలు, అరటి గెలలు, కూరగాయలు, గుమ్మడికాయలు.' కింద నా సంతకం కూడా ఉంది.

మెల్లగా గుర్తొచ్చింది. అంతకు ముందు ఆ ఊళ్ళో ఈ పండుగే లేదు. మీ గూడెంలో గొప్పగా చేస్తారటగా, ఎలా చేయాలో రాసి పెట్టండి టీచరు గారూ అని అప్పటి పాస్టరు గారు అడిగితే, మా చర్చిలో ఏం కనిపిస్తాయో వరసగా రాసిచ్చాను. పది నిమిషాల పని. రాసి మర్చిపోయాను. ఆ జాబితాలో కొబ్బరికాయ తప్ప ఇంకేదీ ఆ లంకలో కాయదు, పండదు. ఆ పది నిమిషాల పనికి ఈ ఊరు పదకొండేళ్ళుగా బజారుకి వెళ్ళి కంకులు కొనుక్కొస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"అయితే నేనే చెబుతున్నాను కదండీ, అందులో చేపలు కూడా కలపండి" అన్నాను. గొంతు ఇందాకటిలా లేదు.

ఆయన తల అడ్డంగా ఊపారు. "ఇప్పుడది మీ కాగితం కాదండి టీచరు గారూ. సంఘం ఒప్పుకుని గోడకి పెట్టిన కాగితం. ఒక్క అక్షరం మార్చాలన్నా కమిటీ కూర్చోవాలండి." అంతలో గంట కొట్టారు.

పాస్టరు గారు చిన్నవాడు, ఐదు ఊళ్ళకి ఒక్కడే. మోటారు సైకిలు మీద వచ్చి, అరుగు మీద బకెట్టుకి తగలకుండా పక్కనుంచి లోపలికి వచ్చాడు. పాటలయ్యాయి, ప్రార్థనయింది, నన్ను పిలిచారు. లేవబోతుంటే పక్కన కూర్చున్న దీనమ్మ గారు నా కొంగు పట్టుకుని చిన్నగా అన్నారు. "అబ్రహాం గారిని ఏమీ అనకండేం. మీరు సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోతారు. మేం ఇక్కడే ఉండాలండి."

ఆ మాట నిజం. ఊరి పేరు ఇక్కడ రాయకపోవడానికి కూడా కారణం అదే. నేను నాలుగు పేజీలూ మడిచి సంచీలో పెట్టేసి లేచాను. ఏం మాట్లాడానో పూర్తిగా గుర్తులేదు, కోపంలో మాట్లాడినవి నాకు వరసగా గుర్తుండవు. కానీ కోపం అబ్రహాం గారి మీద చూపించలేదు. ఆ గోడ మీద కాగితం నేను రాశాననీ, తప్పు రాశాననీ చెప్పాను. నాకు తెలిసిన దేవుడు వరి పొలాల గట్టు మీద నడిచే దేవుడనీ, ఆయన నీళ్ళ మీద కూడా నడిచాడని ఏటా పిల్లలకి చెబుతూనే ఆ సంగతి మర్చిపోయాననీ అన్నాను. మన రుతువులు వేరైనా వందనాలు ఒకటేననీ, కొనుక్కొచ్చిన వందనం ఆయనకి అక్కర్లేదనీ అన్నాను. ఆ మాట దగ్గర ముందు వరసల్లో కొన్ని తలలు వంగాయి. వాళ్ళని సిగ్గుపరిచినట్టయిందే అని మళ్ళీ నా మీద నాకే చిరాకేసింది. వాళ్ళ చేత కొనిపించినదాన్నే నేను. కూర్చున్నాను. అబ్రహాం గారు తన చేతులు చూసుకుంటున్నారు.

అర్పణల పాట మొదలైంది. ఒక్కొక్కరే లేచి బల్ల దాకా వెళ్ళి, తెచ్చినవి ముట్టుకుని, తల వంచి వస్తున్నారు. దీనమ్మ గారి వంతు వచ్చింది. నేను తెచ్చిన కంకుల కట్ట పట్టుకుని వెళ్ళారు. బల్ల ముందు నిలబడ్డారు. కట్ట పెట్టలేదు. పాట ఆఖరి చరణం అయిపోయింది, ఆవిడ ఇంకా అలాగే నిలబడి ఉన్నారు.

"ఏంటమ్మా?" అన్నాడు పాస్టరు గారు.

"ఇది మాది కాదండి అయ్యగారూ" అన్నారు. పెద్దగా అనలేదు గానీ పాట ఆగిపోయింది కనుక అందరికీ వినిపించింది. "టీచరు గారు కైకలూరులో కొన్నారు. ఇన్నేళ్ళూ నేను పెట్టినవి కూడా కొన్నవేనండి. పోయిన ఏడాది పిల్లలకి రెండో పూట పెట్టలేని రోజుల్లో, మా ఆయన చేతికి మొదట పడినవి నీవే తండ్రీ అని మాటిచ్చాను. అవి అరుగు మీద ఉన్నాయండి. ఇది పెట్టేసి, ఇచ్చేశానని ఎలా చెప్పనండీ?"

పాస్టరు గారు అబ్రహాం గారి వైపు చూశాడు. అబ్రహాం గారు గోడ మీది కాగితం వైపు చూశారు, కాగితం ఏమీ సాయం చేయలేదు. దీనమ్మ గారు ఎవరి జవాబు కోసమూ ఆగకుండా నా దగ్గరకి వచ్చి, కంకుల కట్ట నా ఒళ్ళో పెట్టి, బయటికి నడిచారు. బకెట్టు రెండు చేతులా పట్టుకుని, నడుము వంచి, నడవ మధ్యలోంచి తీసుకొస్తుంటే నీళ్ళు తొణికి చాపలు తడుస్తున్నాయి. సాయం పట్టడానికి నేను లేచేలోపే అబ్రహాం గారి భార్య లేచి, బల్ల ముందున్న గుమ్మడికాయలు రెండు పక్కకి దొర్లించింది.

"నీళ్ళు ఒలుకుతాయమ్మా" అన్నారు అబ్రహాం గారు చివరికి. "కింద గోనె వెయ్యండి."

ఆయన ఒప్పుకున్నట్టా, విసుక్కున్నట్టా నాకు తెలియదు. గోనె వేశారు, బకెట్టు పెట్టారు. దీనమ్మ గారు దాని అంచు మీద చెయ్యి వేసి, తల వంచి, చాలాసేపు నిలబడ్డారు. పెదవులు కదలలేదు. ముగింపు ప్రార్థన మధ్యలో ఒక కొరమేను తోకతో నీళ్ళు కొట్టింది, పాస్టరు గారి తెల్ల అంగీ తడిసింది. అతను కళ్ళు తెరవకుండా ప్రార్థన కొనసాగించాడు.

ఇదంతా చదివి మీకు మనసు కరిగిపోతే కాస్త ఆగండి, నాకు కరగలేదు. వేలంలో ఆ నాలుగు కొరమేనులూ పాడుకున్నది ఎవరనుకున్నారు? అబ్రహాం గారే. ఎవరినీ దగ్గరకి రానివ్వకుండా పాడుకున్నారు. బకెట్టు ఇంటికి పంపిస్తూ నాతో, "ఈ ఏటికి సరేనండి. వచ్చే ఏటి సంగతి కమిటీ చూస్తుంది" అన్నారు. అద్దం చట్రం గోడ మీద అలాగే ఉంది. దింపి నా సంచీలో పడేసుకోవాలని చెయ్యి దురద పెట్టింది. మేం ఇక్కడే ఉండాలండి అన్న మాట గుర్తొచ్చి ముట్టుకోలేదు.

భోజనాలయ్యాక చర్చి వెనక పంపు దగ్గర చేతులు కడుక్కుంటూ దీనమ్మ గారికి క్షమాపణ చెప్పాను. ఆ కాగితం రాసిన సంగతే నాకు గుర్తులేదని చెప్పాను.

"అంత మాటెందుకండీ" అన్నారు. నా చేతుల మీదికి పంపు కొట్టారు. తర్వాత, నేనడిగితే చెప్పినట్టుగా కాకుండా, ఊరికే గుర్తొచ్చినట్టు అన్నారు. "మా ఇంట్లోనే కూర్చుని రాశారండి. నేను పొయ్యి దగ్గరున్నాను. ఒక్కోటీ పైకి చదువుకుంటూ రాశారు. గుమ్మడికాయలు అన్నాక కాసేపు ఆగారు. ఇప్పుడు చేపలంటారు చూడు అనుకున్నానండి. మీరు తలెత్తి, పులుసు అయిందా దీనమ్మ గారూ, ఆకలేస్తోంది అన్నారు."

"మీరైనా చెప్పొచ్చు కదండీ" అన్నాను.

"టీచరు గారు కదండీ. మీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను" అన్నారు.

మూడున్నరకి ఆటో, నాలుగుంబావుకి కైకలూరులో ఏలూరు బస్సు. కంకుల కట్ట ఒళ్ళోనే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. దారి పొడుగునా ఎవరి మీద కోప్పడాలో వెతుక్కున్నాను. గోడకి ఏది తగిలిస్తే అదే దేవుడి మాట అనుకునే పెద్దల మీద కోపమొచ్చింది. ఎండిన గడ్డిపరకకి ఇచ్చిన చోటు ప్రాణమున్న చేపకి ఇవ్వని భక్తి మీద కోపమొచ్చింది. నలభై ఏళ్ళు రుతువుల గురించీ రోజువారీ బతుకులో దేవుడి గురించీ స్త్రీల సమాజాల్లో తియ్యగా మాట్లాడిన నా నోటి మీద అన్నిటికంటే ఎక్కువ కోపమొచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు. తగ్గకూడదనే ఇది రాస్తున్నాను. కమిటీకి ఉత్తరం రాశాను, రెండు వారాలయింది, జవాబు రాలేదు. రాకపోతే మళ్ళీ రాస్తాను. దీనమ్మ గారు దేవుడికిచ్చిన మాట మాత్రం తీర్చేశారు, దానికి ఏ కమిటీ సంతకమూ అక్కర్లేకపోయింది.

ఆ వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. జనవరి నుంచి మార్చి లోపు ఏదో ఒక మామూలు పనిరోజున వెళ్ళండి. ఉదయం ఏడు లోపు రేవు దగ్గర ఉంటే దోనెల మీద మావులు ఎత్తి తేవడం చూడొచ్చు. అక్కడ ఎవరింట్లోనైనా భోజనం పెడితే, పళ్ళెంలో చేపని ఎవరు పట్టారో, ఏ వేళ లేచి వెళ్ళి పట్టారో అడిగి అప్పుడు తినండి. నేను పది నెలలు అడక్కుండా తిన్నాను.